ఒకే మిద్దె ఇంటిని నాలుగు ఆటల్లో కడితే: మైన్‌క్రాఫ్ట్, టెర్రేరియా, వాల్‌హైమ్, సెవెన్ డేస్ టు డై

ప్రొద్దుటూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాకు ఇండ్లు, కోటలు కట్టడం ఇష్టం. తొమ్మిది చదివే మా తమ్మునికి కొట్లాట ఉండల్ల. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ ఉంది: ఐ3, 8 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. వానిది ఆండ్రాయిడ్ ఫోను. ఇద్దరం ఒకే లోకంలో ఆడల్ల. మైన్‌క్రాఫ్ట్, టెర్రేరియా, వాల్‌హైమ్, సెవెన్ డేస్ టు డై, వీటిల్లో ఏది తీసుకోమంటావు?"

మీ ఇంట్లో ఉన్న సామానుకు మైన్‌క్రాఫ్ట్ బెడ్‌రాక్ ఎడిషన్. ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే లోకంలోకి రావాలన్న ఒక్క షరతుకే మిగతా మూడూ పోతాయి. వాల్‌హైమ్, సెవెన్ డేస్ ఫోనులో లేవు. టెర్రేరియా ఫోనులో ఉంది గానీ ఫోను వాళ్ళు, కంప్యూటర్ వాళ్ళు కలిసి ఆడలేరు. మైన్‌క్రాఫ్ట్‌లో కూడా జావా ఎడిషన్ కంప్యూటర్‌కే పరిమితం. కంప్యూటర్‌కు కొంటే జావా, బెడ్‌రాక్ రెండూ కలిపే ఇస్తారు, ఫోనుకు ప్లే స్టోర్‌లో మళ్ళీ విడిగా కొనాలి. కాబట్టి రెండు కొనుగోళ్ళ డబ్బు లెక్క వేసుకో.

రేపు చిన్నోనికి కూడా ఏదో ఒక పాత ల్యాప్‌టాప్ దొరికితే నా సలహా మారుతుంది, అప్పుడు టెర్రేరియా. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మిషను వచ్చినప్పుడు వాల్‌హైమ్ గురించి ఆలోచించు.

ఇక ఎందుకో చెప్తా. ఈ నాలుగింటిలోనూ తవ్వుతాం, చేస్తాం, కడతాం, కొడతాం. బయటికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. కానీ కట్టిన ఇంటికీ, చేసే కొట్లాటకూ మధ్య ముడి ఎంత గట్టిది అన్నది ఒక్కో ఆటలో ఒక్కో రకం. దీన్ని తేల్చడానికి మన వైపు మట్టి మిద్దెనే కొలతగా పెట్టుకుందాం. మందపాటి గోడలు, చదును కప్పు, పైన గవాచి (కప్పులో పొగకూ వెలుతురుకూ వదిలే కంత). ఆ ఇంటినే ఒక్కో ఆటలో కట్టి చూద్దాం.

మైన్‌క్రాఫ్ట్: కట్టడానికి అడ్డు లేదు, కాపలాకు లెక్క ఉంది

ఇక్కడ బరువు అనే మాటే లేదు. కింద గోడ మొత్తం పీకేసినా కప్పు గాల్లో అట్లే నిలబడుతుంది. ఇసుక, కంకర లాంటి కొన్ని మాత్రమే కింద పడతాయి. గండికోట లోయ అంచున కోట గోడ వేలాడదీయాలన్నా, కొండారెడ్డి బురుజును తలకిందులుగా నిలబెట్టాలన్నా ఆపేవాడు లేడు. కట్టడం ఇష్టమైన నీకు ఇంతకంటే మంచి ఆట నాకు తెలిసి లేదు.

మట్టి గోడకు మట్టి ఇటుకలు 2022 జూన్ అప్‌డేట్‌లో వచ్చాయి. ఈ ఆటలో లోకమంతా బ్లాకులనే చదరపు దిమ్మెలే. మట్టి బ్లాక్ మీద నీళ్ళ సీసా పోస్తే బురద అవుతుంది. ఒక బురదకు ఒక గోధుమ కలిపితే గట్టి మట్టి. అట్లాంటివి నాలుగు, రెండు బై రెండుగా పెడితే నాలుగు ఇటుకలు. చూడ్డానికి సులభమే, లెక్క వేస్తే తెలుస్తుంది కష్టం: పది బై పది ఇల్లు, నాలుగు బ్లాకుల ఎత్తు అంటే చుట్టుకొలత 36, గోడలకు 144 ఇటుకలు. తలుపుకు రెండు తీసేస్తే 142. అంటే దాదాపు అన్ని గోధుమలు, అన్నిసార్లు నీళ్ళు. తొమ్మిది బై తొమ్మిది మడి వేసి మధ్యలో ఒక్క నీళ్ళ బ్లాక్ పెడితే 80 మొక్కలు పడతాయి, రెండు కోతలకు గోడ పూర్తవుతుంది. మాంగ్రోవ్ చిత్తడి దగ్గర్లో ఉంటే బురద దొరికినంత తవ్వుకోవచ్చు, సీసాల పని తప్పుతుంది. గోధుమ మాత్రం తప్పదు.

తప్పు జరిగేది కప్పు దగ్గర. చదును కప్పు అంటే రాత్రిపూట దయ్యాలు పుట్టే చేను. వెలుతురు సున్నా ఉన్న ఏ గట్టి చదును మీదైనా జాంబీ, దగ్గరికొచ్చి పేలిపోయే క్రీపర్ పుడతాయి, నీ కప్పు కూడా అందులోకే వస్తుంది. పొద్దున తలుపు తీసి అడుగు బయట పెట్టగానే పైనుంచి క్రీపర్ దిగుతుంది. 'హిస్స్' మన్నాక నీ చేతిలో ఉండేది ఒకటిన్నర సెకను. దీనికి మందు రెండు రకాలు. ఒకటి, కప్పును పూర్తి బ్లాకులతో కాక స్లాబులతో (సగం మందం బ్లాకులు), అవీ కింది సగంలో కూర్చునేట్టు వేయడం. కింది సగం స్లాబ్ మీద ఏదీ పుట్టదు. మూడు బ్లాకులకు ఆరు స్లాబులు వస్తాయి కాబట్టి వంద గడుల కప్పుకు 51 బ్లాకులు చాలు. సున్నా మట్టానికి దిగువన దొరికే డీప్‌స్లేట్‌ను పాలిష్ చేసి వేస్తే అచ్చం కడప నాపరాయి పరిచినట్టే ఉంటుంది. రెండోది, పన్నెండు గడులకొక టార్చి. ఒక బొగ్గు, ఒక కట్టె కలిస్తే నాలుగు టార్చిలు, కాబట్టి పీనాసితనం అక్కర్లేదు. గవాచి చోట గాజు బ్లాక్ పెట్టు, దాని మీద కూడా ఏమీ పుట్టవు. ఇంట్లో ఒక పిల్లిని పెంచితే క్రీపర్లు ఆరు గడుల దూరంలోనే వెనక్కి తిరుగుతాయి. రాతి గోడ ఉంది కదా అని ధైర్యం వద్దు, దగ్గరగా పేలితే రాయి కూడా ఎగిరిపోతుంది.

చిన్నోని కొట్లాట సంగతి దాచకుండా చెప్పాలంటే, నాలుగింటిలో ఇదే పలచన. బెడ్‌రాక్‌లో కత్తి ఎంత వేగంగా కొడితే అంత. జావాలో 2016 నుంచి ఒక్కో దెబ్బకు మధ్య ఆగాలి, ఆగకుండా కొడితే దెబ్బ బలం తగ్గుతుంది. యూట్యూబ్‌లో కొట్లాట పాఠాలు చాలావరకు జావావి. డాలు కూడా జావాలో కుడి క్లిక్‌తో పైకి లేస్తుంది, బెడ్‌రాక్‌లో వంగితే లేస్తుంది. ఇది తెలియక 'డాలు పని చేయడం లేదు' అని మొత్తుకునే వాళ్ళు రోజుకొకరు. వానికి సరైన చోటు 2024 జూన్‌లో వచ్చిన ట్రయల్ ఛాంబర్లు, అంటే నేల కింది కొట్లాట గదులు. ఎంతమంది దగ్గరుంటే అన్ని ఎక్కువ శత్రువులను వదులుతుంది అక్కడి యంత్రం. అక్కడే గద తయారీకి కావలసిన బరువు గుండు కూడా దొరుకుతుంది. గదతో ఎంత ఎత్తు నుంచి దూకి కొడితే దెబ్బ అంత పెద్దది. నువ్వు బురుజు కట్టు, వాడు దాని మీద నుంచి దూకుతాడు.

వజ్రాల కోసం మైనస్ 59 మట్టం దగ్గర సొరంగం తవ్వాలి. ఆ లోతులో గుహల నిండా లావానే, నీళ్ళ బకెట్ లేకుండా దిగొద్దు. నిలువున కాళ్ళ కింద ఎప్పుడూ తవ్వొద్దు. చనిపోతే సామాను అక్కడే పడుతుంది, నువ్వు ఆ దాపులకు చేరాక ఐదు నిమిషాల్లో మాయం. అందుకే లోకం మొదలుపెట్టేటప్పుడే కోఆర్డినేట్లు (ఎక్కడున్నావో చెప్పే అంకెలు) కనిపించే సెట్టింగు వేసుకోండి. సామాను పోకుండా ఉండే సెట్టింగు కూడా ఉంది, దానికోసం చీట్స్ (ఆట నియమాలను మార్చుకునే వెసులుబాటు) తెరిస్తే ఆ లోకంలో అచీవ్‌మెంట్లు రావు. పిల్లోడు అలిగి ఆట మానేసేకంటే అది నయం.

ఫోను, ల్యాప్‌టాపు కలవకపోతే ఈ వరసలో చూడు. మొదట రెండింటి వెర్షన్ నంబరు. ఫోను తనంతట తాను అప్‌డేట్ అయిపోతుంది, ల్యాప్‌టాప్ వెనకబడుతుంది, పదిసార్లలో ఎనిమిదిసార్లు గొడవ ఇదే. తర్వాత రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా అని. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ వాడుతుంటే ఒకదానికొకటి కనిపించవు. తర్వాత విండోస్ ఫైర్‌వాల్ మొదటిసారి అడిగినప్పుడు ఎవరో 'కాదు' నొక్కి ఉంటారు, దాన్ని మార్చాలి. చిన్నోని మైక్రోసాఫ్ట్ ఖాతా పిల్లల ఖాతాగా ఉంటే ఇంట్లో పెద్దల ఖాతా నుంచి మల్టీప్లేయర్‌కు అనుమతి ఇవ్వాలి. ఇంకో సంగతి: లోకం ల్యాప్‌టాప్‌లో ఉంటే నువ్వు దాన్ని తెరిచి ఉన్నంతసేపే వాడు రాగలడు. నువ్వు కాలేజీకి పోయిన రోజు వానికి ఆట లేదు. గొడవలు రాకుండా ముందే చెప్పుకోండి.

టెర్రేరియా: ఇల్లు కొట్లాటకు పనిముట్టు

2011 మే నెలలో వచ్చిన ఆట, పాత ఐ3 మీద కూడా నీళ్ళలా పోతుంది. నిమ్మలకుంట తోలుబొమ్మల తెర లాగా అంతా పక్కనుంచే కనిపిస్తుంది, లోతు లేదు. కట్టేవానికి ఇది లోటే. నువ్వు కట్టే మిద్దెకు ముఖం మాత్రమే ఉంటుంది, నాలుగు గోడలు ఉండవు.

కానీ ఇక్కడ గది కట్టడం అలంకారం కాదు, సరుకు అమ్మేవాళ్ళు, వైద్యం చేసేవాళ్ళు రావాలంటే ఒక్కొక్కరికీ గది కావాలి. గోడలు, నేల కలుపుకుని 60 గడులైనా ఉండాలి, అంటే పది వెడల్పు ఆరు ఎత్తు సరిపోతుంది. లోపల ఒక దీపం, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తలుపు. ఇవన్నీ పెట్టినా ఎవరూ రాకపోతే వెనక గోడ చూడు. భూమిలో సహజంగా ఉండే మట్టి గోడ లెక్కలోకి రాదు, నువ్వు చేత్తో వేసిన గోడే కావాలి. కొత్తవాళ్ళు తొంభై శాతం ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంకో చిట్కా, మొదటి నుంచీ ఉండే గైడ్ దగ్గరికి ఏ వస్తువు పట్టుకుపోయి చూపించినా దానితో ఏమేం చేయొచ్చో అన్నీ చెప్తాడు. వీడియోల వెంట పడాల్సిన పని సగం తగ్గుతుంది.

కొట్లాటకు ఇదే రాజు. బాస్ (అన్నిటికంటే పెద్ద శత్రువు) మీదికి పోయే ముందు నువ్వు కట్టాల్సింది బరి. మొదటి పెద్ద బాస్, ఐ ఆఫ్ క్తులూ, మామూలు స్థాయిలో 2,800 ప్రాణం. వంద గడుల పొడవున చెక్క ప్లాట్‌ఫారాలు మూడు వరసలు, ఎగిరితే అందేట్టు ఐదారు గడుల ఎడంతో వేయి. ఒక చెక్కకు రెండు ప్లాట్‌ఫారాలు వస్తాయి కాబట్టి 150 చెక్క. పది చెక్క, ఐదు టార్చిలతో ఒక నెగడు పెట్టు, దగ్గరున్నంతసేపు ప్రాణం త్వరగా పుంజుకుంటుంది. గుహల్లో దొరికే లైఫ్ క్రిస్టల్ ఒక్కోటి 20 చొప్పున పెంచుతుంది. వందతో మొదలవుతావు కాబట్టి ఐదు తింటే 200. బాస్‌ను పిలవడానికి ఆరు లెన్సులతో కన్ను చేసుకుని, చీకటి పడిన వెంటనే వాడాలి. రాత్రి తొమ్మిది నిమిషాలే, తెల్లారితే అది వెళ్ళిపోతుంది, లెన్సులు దండగ. నడిరాత్రి పిలిచి 'చచ్చేలోపు పారిపోయింది' అనేది మామూలు ఫిర్యాదు. ఆ లెన్సులు కలిపే బలిపీఠాన్ని మామూలు సుత్తితో కొట్టొద్దు, అది పగలదు, నీ ప్రాణం సగం పోతుంది.

వాల్ ఆఫ్ ఫ్లెష్ అనే బాస్‌ను చంపిన క్షణం లోకం హార్డ్‌మోడ్ అనే కష్టమైన దశలోకి పోతుంది, చెడు నేల వేగంగా పాకడం మొదలవుతుంది. ఇష్టంగా కట్టుకున్న ఊరు చుట్టూ ఆరు గడుల వెడల్పు కందకం అంతకుముందే తవ్వి పెట్టు. తర్వాత తవ్వడం నరకం.

ఇక్కడ పాత్ర వేరు, లోకం వేరు. చిన్నోడు వేరే లోకంలో సంపాదించిన కత్తితో మీ లోకంలోకి వచ్చి వారం పని ఒక్క రాత్రిలో ముగించగలడు. కలిసి ఆడే లోకానికి కొత్త పాత్రలు చేసుకుని, వాటిని బయటికి తిప్పకుండా ఉండాలని మాట్లాడుకోండి. వాల్‌హైమ్‌లోనూ ఇదే కథ.

వాల్‌హైమ్: ఇల్లు తిండీ నిద్రా లాంటిది

2021 ఫిబ్రవరిలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తి కాకముందే అమ్మకానికి వచ్చింది. పదిమంది దాకా కలిసి ఆడొచ్చు. నీ ఐ3 మీద తెరుచుకున్నా, అడవిలోకి పోగానే బొమ్మల పుస్తకం తిప్పినట్టు ఆగి ఆగి నడుస్తుంది. ఇప్పటికి వద్దు. కానీ తెలుసుకోవడంలో తప్పు లేదు, ఎందుకంటే కట్టడమంటే ఇష్టమున్న వానికి మైన్‌క్రాఫ్ట్ తర్వాతి మెట్టు ఇదే.

ఇక్కడ బరువుంది. నేలను తాకిన దూలం నీలం రంగులో కనిపిస్తుంది, పైకి పోయేకొద్దీ ఆకుపచ్చ, పసుపు, చివరికి ఎరుపు. ఎరుపు తర్వాత పెట్టిన ముక్క ఊడి పడుతుంది. మిద్దె కడదామంటే మొదట్లోనే దెబ్బ తగులుతుంది: చెక్క నేల పలకను కప్పుగా పరిస్తే వాన కారుతుంది, వర్క్‌బెంచ్ (పనిబల్ల) 'కప్పు లేదు' అంటుంది. వాలు కప్పు వేయాల్సిందే. చదును రాతి కప్పు కావాలంటే స్టోన్‌కట్టర్ (రాయి కోసే బల్ల) చేయాలి, దానికి ఇనుము రెండు. ఇనుము చిత్తడి నేల సమాధుల్లో, వాటి తాళంచెవి రెండో బాస్ ఎల్డర్ దగ్గర. చదును కప్పుకు దారి రెండో బాస్ మీదుగా పోతుందన్నమాట. ముడి అంటే ఇదీ.

గవాచి మాత్రం ఇక్కడ నిజంగా పని చేస్తుంది. ఇంట్లో నిప్పు పెడితే పొగ నిండుతుంది, నిండితే ప్రాణం తగ్గుతుంది. నిప్పుకు నేరుగా పైన కప్పులో ఒక గడి వదిలితే పొగ పోతుంది గానీ వాన పడి నిప్పు ఆరిపోతుంది. అందుకే ఆ కంత మీద, ఒక మెట్టు ఎత్తులో, రెండు వాలు ముక్కలతో చిన్న గొడుగు కట్టాలి. పక్కల నుంచి పొగ పోతుంది, పైనుంచి వాన రాదు.

మంచి ఇల్లు ఎందుకంటే, నిప్పు, పడక, కుర్చీ, తివాచీ ఒక్కోటి సౌఖ్యం పెంచుతాయి. సౌఖ్యం ఒక మెట్టు పెరిగితే విశ్రాంతి బలం ఒక నిమిషం ఎక్కువ నిలుస్తుంది, ఆ బలంలోనే ఊపిరి (స్టామినా) తొందరగా తిరిగొస్తుంది. ఈ ఆటలో కొట్లాట మొత్తం ఊపిరి లెక్కే. కడుపులో మూడు రకాల తిండి లేకుండా గడప దాటొద్దు. రాగి, తగరం, ఇనుము పోర్టల్ (దూరం చోటికి ఒక్క అడుగులో చేర్చే ద్వారం) గుండా పోవు, పడవలోనో బండిలోనో మోయాలి. రెండు పాళ్ళు రాగి, ఒక పాలు తగరం కలిస్తే కంచు. విసుగనిపిస్తే 2023 నుంచి లోకం సెట్టింగుల్లో పోర్టల్ నియమాన్ని సడలించుకోవచ్చు.

సెవెన్ డేస్ టు డై గురించి రెండు ముక్కలు చాలు. 2013లో మొదలై 2024 జులైలో 1.0 అయింది. ప్రతి ఏడో రాత్రి పది గంటల నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా జాంబీల గుంపు నీ ఇంటి మీదికే వస్తుంది. కింద స్తంభం పోతే పైకప్పు కూలుతుంది. నాలుగు వైపులా మూసిన మిద్దె ఇక్కడ పనికిరాదు: దారి లేకపోతే అవి గోడలు తింటాయి. కావాలనే ఒక ఇరుకు దారి తెరిచి, దాని చివర నువ్వు కాపు కాయాలి. మెషిన్ బరువైనది కావాలి, నెత్తురు ఎక్కువ. తొమ్మిదో తరగతి పిల్లోనికి నేనైతే చెప్పను.

డబ్బు పెట్టే ముందు లువాంటి దింపుకో, మైన్‌క్రాఫ్ట్ లాంటి ఆటలు నడిపే యాప్ అది. 2024 అక్టోబరు దాకా దాని పేరు మైన్‌టెస్ట్. ఉచితం, విండోస్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, రెండూ కలుస్తాయి. లోపల కంటెంట్ పేజీలో మైన్‌క్లోనియా అనే ఆట దించితే మైన్‌క్రాఫ్ట్ రుచి తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో 'హోస్ట్ సర్వర్' టిక్కు పెట్టి లోకం తెరువు. ఫోనులో ల్యాప్‌టాప్ వైఫై ఐపీ అడ్రసు, పోర్టు 30000 కొట్టి చేరాలి. రెండు వారాలు ఆడాక కూడా ఇద్దరికీ ఆశ తీరకపోతే అప్పుడు మైన్‌క్రాఫ్ట్ కొనండి.

ల్యాప్‌టాప్ సంగతి. గ్రాఫిక్స్ కార్డు లేని మిషను ర్యామ్‌నే గ్రాఫిక్స్‌కు వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి ఎన్ని స్లాట్లు వాడుతోందో చూడు. రెండింటిలో ఒకటే నిండి ఉంటే, అదే రకం, అదే వేగం ఉన్న ఇంకో 8 జీబీ వేయించు. రెండు ర్యామ్ కర్రలు కలిసి పనిచేసినప్పుడు ఆటల వేగంలో తేడా కంటికి కనిపిస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో రెండర్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా చూపించాలనే సెట్టింగు) 8 నుంచి 10 చంక్‌ల దగ్గర ఆపు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు మధ్యాహ్నం పూట మిషను వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట తప్పేం కాదు. పరుపు మీద కాకుండా బండ మీద పెట్టి, వెనక రెండు బిళ్ళలు ఎత్తు పెడితే గాలి ఆడుతుంది.

బ్యాటరీ పూర్తిగా పోయిన ల్యాప్‌టాప్ అయితే, ఆట నడుస్తుండగా కరెంటు పోయిందంటే లోకం ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది. ప్రతి ఆదివారం మైన్‌క్రాఫ్ట్ లోకం సెట్టింగుల్లో 'ఎక్స్‌పోర్ట్' నొక్కి, వచ్చిన ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు. ఫైలు పేరులో తేదీ పెట్టు, పాతదాని మీద కొత్తది రాయొద్దు. చెడిపోయిందని తెలిసేసరికి రెండు వారాలు గడిచిపోయి ఉంటుంది ఒక్కోసారి.